క్వాడ్ అంటే మన మండువా లోగిలేనా? బెంగళూరులో 240 మందికి రెసిడెన్షియల్ కాలేజీ ప్లాన్

పటంకాగితం:

అందరికీ నమస్కారం. ఆర్కిటెక్చర్ నాలుగో ఏడాది స్టూడియోలో ఇచ్చిన పని ఇది: కనకపుర రోడ్డు వైపు ఎనిమిదెకరాల స్థలం, ఈశాన్యం నుంచి నైరుతికి సుమారు 2 మీటర్ల వాలు. 240 మంది ఉండి చదువుకునే రెసిడెన్షియల్ కాలేజీ గీయాలి. మూడంతస్తులు దాటకూడదు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ క్వాడ్‌లు (చుట్టూ కాలేజీ భవనాలు, మధ్యలో చతురస్రపు ఆవరణ) చదివి రమ్మన్నారు.

చూడగానే నాకు మండువా లోగిలి గుర్తొచ్చింది. నాలుగు వైపులా గదులు, మధ్యలో ఆకాశం. ఇక్కడి తొట్టి మనె కూడా అదే పద్ధతి. కాబట్టి క్వాడ్‌ని అలాగే దించేస్తే మన వాతావరణానికి సరిపోతుందనుకుంటున్నాను. నా సందేహాలు మూడు. నాలుగు వైపులా మూసేయాలా, ఒక వైపు తెరిచి ఉంచాలా? గదులన్నీ ఒక పొడుగాటి కారిడార్‌లో పెట్టాలా, పాత కాలేజీల్లోలా విడివిడి స్టెయిర్‌కేస్‌ల చుట్టూ పెట్టాలా? గోడలకి రాయి వాడొచ్చా? తెలిసినవాళ్లు లెక్కలతో సహా చెబితే మేలు చేసినవాళ్లవుతారు.

పాతగోడలు:

మండువాతో పోల్చడం దగ్గరే ఆగాలండి. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి గానీ రెండూ పుట్టిన అవసరాలు వేరు. మండువాలో పైకప్పు నాలుగు వైపుల నుంచీ లోపలికి వాలుతుంది, నీళ్లు మధ్యలో పడి తూము గుండా బయటికి పోతాయి. అది ఒకే కుటుంబం ఇల్లు. వడ్లు ఆరబోయడం దగ్గర్నుంచి పెళ్లి దాకా అన్నీ ఆ మధ్య జాగాలోనే జరుగుతాయి. క్వాడ్ అలా కాదు. అది లోపలికి తిరిగిన వీధి. ఒక్కో స్టెయిర్‌కేస్ ఆ వీధిలో ఒక్కో ఇల్లు.

ఎందుకు మూశారో ముందు చూడండి. ఆక్స్‌ఫర్డ్‌లో మెర్టన్ కాలేజీ 1264 నాటిది. అక్కడి మాబ్ క్వాడ్‌ని 1288 నుంచి 1378 దాకా ముక్కలు ముక్కలుగా కట్టుకుంటూ పోయారు. అంటే చతురస్రం అనే ఆలోచన ముందుగా గీసిన ప్లాన్‌లోంచి రాలేదు, ఒక్కో భవనం చేరుతూ ఏర్పడింది. మొత్తాన్నీ ఒకే ప్లాన్‌గా ముందే అనుకుని కట్టించింది బిషప్ విలియం ఆఫ్ వైకమ్, 1379లో స్థాపించిన న్యూ కాలేజీలో. ప్రార్థనాలయం, భోజనశాల, లైబ్రరీ, 70 మంది విద్యార్థుల గదులు, ద్వారం మీద గోపురం, అన్నీ ఒకే చట్రంలో. దానికి 24 ఏళ్ల ముందు, 1355 ఫిబ్రవరి 10న, సారాయి దుకాణంలో మొదలైన తగవు ఊరివాళ్లకీ విద్యార్థులకీ మధ్య కొట్లాటగా మారి, 60 మందికి పైగా విద్యార్థులు చనిపోయారని లెక్క. ఒకే ద్వారం, రాత్రి తాళం, బయటి గోడకి చిన్న కిటికీలు. ఇదంతా రక్షణ కోసం, చలి కోసం. మీ స్థలానికి కాంపౌండ్ గోడ, సెక్యూరిటీ ఎలాగూ ఉంటాయి. ఆ పని భవనం నెత్తిన పెట్టక్కర్లేదు.

ఒక వైపు తెరవడం కూడా కొత్త ఆలోచనేమీ కాదు. కేంబ్రిడ్జ్‌లో క్వాడ్ అనరు, కోర్ట్ అంటారు. అక్కడ గాన్విల్ అండ్ కీస్ కాలేజీలో 1565లో మొదలుపెట్టిన కీస్ కోర్ట్ చూడండి. కట్టించిన జాన్ కీస్ వైద్యుడు, ఇటలీలో పాడువాలో చదివినవాడు. గాలి ఆడక చెడిపోతుందని దక్షిణం వైపు భవనం కట్టకుండా వదిలేశాడు, ఇక ముందు ఎవరూ కట్టకూడదని కాలేజీ నిబంధనల్లోనే రాయించాడు. ఆ వైపు ఒక తక్కువ ఎత్తు గోడ, దానిలో గౌరవ ద్వారం మాత్రమే ఉంటాయి. కాలేజీలోకి వచ్చేది వినయ ద్వారం, మధ్యలో సద్గుణ ద్వారం, పట్టా పుచ్చుకోవడానికి వెళ్లేటప్పుడు గౌరవ ద్వారం. ప్లాన్‌తోనే పాఠం చెప్పిన మనిషి.

ఆయన దక్షిణమే ఎందుకు తెరిచాడో లెక్క కడితే మీకే తెలుస్తుంది. కేంబ్రిడ్జ్ 52 డిగ్రీల అక్షాంశం. డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 14 డిగ్రీల పైచిలుకు ఎత్తులోనే ఉంటాడు. 10 మీటర్ల భవనం నీడ 39 మీటర్లు పడుతుంది. దక్షిణం మూస్తే నడి చలికాలంలో కోర్ట్‌లోకి ఎండ దాదాపు రాదు. బెంగళూరు 13 డిగ్రీల దగ్గర ఉంది. అదే రోజు, అదే 10 మీటర్ల భవనం నీడ 7.4 మీటర్లు. కాబట్టి ఎండ కోసం దక్షిణం తెరవాల్సిన పని మనకి లేదు. మనకి కావలసింది గాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అది పడమర, నైరుతి నుంచి వీస్తుంది, చలికాలంలో తూర్పు, ఈశాన్యం నుంచి. తెరిస్తే నైరుతి మూల, ఈశాన్య మూల తెరవండి. మూలలు వదిలేయడంలో ఇంకో లాభం ఉంది: చతురస్రం మూలలో పడే గదికి ఆవరణ వైపు కిటికీ దొరకదు. ఎలాగూ అంతగా పనికిరాని జాగాని గాలికి ఇచ్చేయడమే.

వసారా:

స్టెయిర్‌కేస్ సంగతి నేను చెబుతాను, ఎందుకంటే పాతగోడలు గారు చెప్పిన మొత్తంలో బెంగళూరుకి అన్నిటికన్నా పనికొచ్చేది అదే.

పాత కాలేజీల్లో భవనం వెడల్పు ఒకే గది. మెట్లెక్కగానే ల్యాండింగ్‌కి అటొకటి ఇటొకటి తలుపు, అంతే. గదికి ముందూ వెనకా కిటికీలు వస్తాయి. ఆవరణ వైపు కిటికీ, బయట వైపు కిటికీ రెండూ తెరిస్తే ఫ్యాన్ లేకుండా గాలి నడుస్తుంది. మధ్యలో కారిడార్ పెట్టి రెండు వైపులా గదులు పేరిస్తే ఈ లాభం మొత్తం పోతుంది.

స్టెయిర్‌కేస్ నుంచి కారిడార్‌కి ఎప్పుడు మారారు అంటే, ఆక్స్‌ఫర్డ్‌లో 1870లో మొదలైన కీబుల్ కాలేజీ పేరు చెప్పాలి. ఆర్కిటెక్ట్ విలియం బటర్‌ఫీల్డ్ దాన్ని రంగురంగుల ఇటుకతో, కారిడార్ పద్ధతిలో కట్టాడు. ఒక్కో స్టెయిర్‌కేస్‌కి ఒక్కో పనిమనిషిని పెట్టే ఖర్చు తగ్గించడం దాని ఉద్దేశాల్లో ఒకటి. కేంబ్రిడ్జ్ దగ్గర ఆడపిల్లల కోసం కట్టిన గర్టన్ కాలేజీలో ఆర్కిటెక్ట్ వాటర్‌హౌస్ కూడా కారిడారే పెట్టాడు. అమెరికాలో యేల్ యూనివర్సిటీవాళ్లు మాత్రం 1933లో తమ రెసిడెన్షియల్ కాలేజీలు తెరిచినప్పుడు మళ్లీ స్టెయిర్‌కేస్‌కే వెళ్లారు.

మన దేశంలో స్టెయిర్‌కేస్ ఆలోచనని బాగా పట్టుకున్నది అహ్మదాబాద్ ఐఐఎమ్ డార్మిటరీలు. వాటి ఆర్కిటెక్ట్ లూయీ కాన్ ఒక్కో అంతస్తులో పది గదుల్ని ఒక మెట్ల గది, ఒక టీ గది ఉన్న హాలు చుట్టూ పెట్టాడు. కారిడార్ అనేదే లేదు. నీళ్లకో టీకో గది బయటికి వచ్చినవాడికి మిగతా తొమ్మిది మందిలో ఎవరో ఒకరు ఎదురవుతారు. హాస్టల్‌కీ రెసిడెన్షియల్ కాలేజీకీ తేడా ఇక్కడే తెలుస్తుంది.

మీ 240 మందికి ఇలా చూడండి. న్యూ కాలేజీలో ఒక్కో పెద్ద గదిలో ముగ్గురు నలుగురు ఉండేవాళ్లు, కిటికీల పక్కన ఒక్కొక్కరికీ చిన్న చదువు గూడు విడిగా ఉండేది. ఆ పద్ధతే తీసుకోండి. 4.5 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల లోతు గది, ముగ్గురికి. అంటే మనిషికి 9 చదరపు మీటర్లు. చదువు బల్లలు కిటికీల దగ్గర, మంచాలు మధ్యలో, మంచాలకి మధ్య అల్మారాలే అడ్డు. ల్యాండింగ్‌కి రెండు గదులు, మూడంతస్తులు: ఒక్కో స్టెయిర్‌కేస్‌కి 18 మంది. 14 స్టెయిర్‌కేస్‌లు పెడితే 252 మంది.

పొడవు లెక్క: గది 4.5, మెట్ల గది 3.2 (ఒక్కో వరస మెట్లు 1.5), టాయిలెట్ల భాగం 2.2, మళ్లీ గది 4.5, గోడలు కలుపుకుని ఒక యూనిట్ 15.5 మీటర్లు. టాయిలెట్లు 4.5 మీటర్ల లోతే తీసుకుని బయటి గోడ వైపు ఉండాలి. ఆవరణ వైపు మిగిలిన 1.5 మీటర్లు అవతలి గదికి దారి. నడవడానికీ మెట్లకీ కలిపి మనిషికి 3.75 చదరపు మీటర్లు ఖర్చవుతుంది. అదే ఒక వైపు కారిడార్, 3 మీటర్ల వెడల్పు సింగిల్ గదులు అనుకుంటే 1.8 మీటర్ల కారిడారే మనిషికి 5.4 తింటుంది, మెట్లు అదనం. స్టెయిర్‌కేస్ పద్ధతి ఖరీదైనదని అందరూ అంటారు గానీ ముగ్గురి గదితో కాదు.

ఒక వైపుకి రెండు యూనిట్లు పెడితే ఆవరణ 31 మీటర్లకి 31 మీటర్లు వస్తుంది. అలాంటివి రెండు చాలు. ఒక్కో దానిలో ఎనిమిది చోట్లలో ఒకటి ద్వారానికి వదిలి ఏడు యూనిట్లు, 126 మంది.

ఇక ఈ పద్ధతిలో తప్పు ఎక్కడ జరుగుతుందంటే, చక్రాల కుర్చీ దగ్గర. 14 స్టెయిర్‌కేస్‌లకి 14 లిఫ్టులు ఎవరూ పెట్టరు. అందుకని మొదటి అంతస్తులో, వీలైతే రెండో అంతస్తులో కూడా, ఆవరణ వైపు 1.5 మీటర్ల వసారాతో మెట్ల గదులన్నీ కలపండి, రెండు లిఫ్టులు చాలు. నిప్పంటుకుని ఒక మెట్ల గదిలో పొగ కమ్మితే పక్క మెట్ల గదికి వెళ్లే దారి కూడా అదే. నేషనల్ బిల్డింగ్ కోడ్ 15 మీటర్ల ఎత్తు దాటిన భవనాలకి కనీసం రెండు మెట్ల దారులు అడుగుతుంది. మీది 10 మీటర్లే, అయినా ఒక్క దారితో 18 మందిని నిద్రపుచ్చే ప్లాన్‌ని జ్యూరీ (మీ డిజైన్‌కి మార్కులు వేసేవాళ్లు) ముందు పెట్టకండి. ఈ వసారా గది కిటికీని కప్పేయకుండా చూసుకోండి. వసారా వైపు కిటికీ అడుగు 1.5 మీటర్ల ఎత్తులో ఉంటే దారిన పోయేవాళ్ల చూపు లోపలికి అంతగా పడదు, గాలి ఆగదు.

పటంకాగితం:

పాతగోడలు గారికి, వసారా గారికి చాలా థాంక్సండి. నీడ లెక్క చూశాక నా సెక్షన్ (భవనాన్ని నిలువుగా కోసినట్టు చూపే పటం) మొత్తం మళ్లీ గీస్తున్నాను. ఒక్క సందేహం. నీడ 7.4 మీటర్లే అయినప్పుడు 31 మీటర్ల ఆవరణ మనకి మరీ పెద్దది కాదా? ఏప్రిల్‌లో మధ్య జాగా అంతా ఎండలోనే ఉంటుంది కదా?

వసారా:

మీరన్నదే సరి. నేను యూనిట్ల పొడవుకి సరిపెట్టాను, ఎండ చూసుకోలేదు. ఉత్తరం, దక్షిణం వైపులు 31 మీటర్లు, తూర్పు, పడమర వైపులు 15.5 మీటర్లు చేయండి. అలాంటి ఆవరణలు మూడు. ఒక్కో దానికి ఆరు చోట్లు, మొత్తం 18. కావలసినవి 14. మిగిలిన నాలుగు చోట్లలో మూడు ఆవరణల పడమటి వైపు మూడూ వదిలేయండి, గదులు లేకుండా. అక్కడ ఎత్తైన తెరిచిన చావడి పెడితే అదే ద్వారం, అదే సాయంత్రం కూర్చునే చోటు, నైరుతి గాలి కూడా అందులోంచే. నాలుగోది చదువుకునే హాలు. ఆవరణల పడమటి వైపు పడక గది ఒక్కటీ ఉండదు. ఉత్తర దక్షిణాల గదులకి సన్‌షేడ్ లెక్క తేలిక: దక్షిణం కిటికీ 1.2 మీటర్ల ఎత్తయితే డిసెంబరు మధ్యాహ్నం పూర్తి నీడకి 0.9 మీటర్ల సన్‌షేడ్ కావాలి. నేనైతే 0.6 చాలంటాను, ఆ నెలలో కాస్త ఎండ తగిలితే హాయే. ఉత్తరం వైపు సన్‌షేడ్ మానేయకండి. జూన్‌లో మన సూర్యుడు నడినెత్తికి పదిన్నర డిగ్రీలు ఉత్తరంగా ఉంటాడు. మధ్యాహ్నానికి 0.25 మీటర్లు సరిపోతుంది గానీ వాన కోసం 0.45 ఉంచండి.

చూరునీళ్లు:

ఆవరణ గీసేవాళ్లందరూ చివర్లో గుర్తుచేసుకునే సంగతి వాన. నాలుగు వైపులా మూసిన ఆవరణ అంటే మీరు ఒక తొట్టి కట్టినట్టే.

గంటకి 100 మిల్లీమీటర్ల వాన అనుకుని డిజైన్ చేయండి. 31 × 31 ఆవరణ 961 చదరపు మీటర్లు, సెకనుకి 27 లీటర్లు. మండువా లాగా కప్పు కూడా లోపలికి వాలిస్తే, 7 మీటర్ల వెడల్పు భవనం కలిపి 45 × 45, అంటే సెకనుకి 56 లీటర్లు. 150 మిల్లీమీటర్ల పైపు వందకి ఒకటి వాలులో నిండా పారితే 15 లీటర్లు మోస్తుంది. నాలుగు పైపులు కావాలి, ఒక్కటి ఆకులతో పూడితే కింది గదుల్లోకి నీళ్లే. కొత్త కొలత 15.5 × 31 అయితే ఆవరణ వరకు 13 లీటర్లు. ఒక పైపు సరిపోతుందని మురిసిపోకండి, రెండు పెట్టండి. కప్పుని మాత్రం బయటికే వాల్చండి. మండువాకి కుదిరింది ఇక్కడ కుదరదు. అక్కడ తూము పూడితే ఇంటివాళ్లే ఆ పూటే తీసుకుంటారు.

పైపులు రెండూ పూడినా నీళ్లు పోయే దారి ఒకటి నేల మీదే ఉండాలి. స్థలం నైరుతికి వాలుతోంది, నైరుతి మూల తెరిచి ఉంది, ఇంతకన్నా అదృష్టం లేదు. ఆవరణ చుట్టూ గోడకి 0.9 మీటర్ల దూరంలో 300 మిల్లీమీటర్ల వెడల్పు కాలువ, పైన రాతి పలకలు, నైరుతి మూలకి వాలు. ఆవరణ నేలని మూల నుంచి మూలకి ఐమూలగా వందకి ఒకటి చొప్పున వాలిస్తే ఈశాన్య మూల నుంచి నైరుతి మూలకి 35 సెంటీమీటర్ల తేడా వస్తుంది. అది సెక్షన్‌లో కనిపించాలి. గది నేల ఎత్తు ఆవరణలో అన్నిటికన్నా ఎత్తైన చోటు నుంచి 45 సెంటీమీటర్లు పెట్టండి, పల్లం వైపు నుంచి కాదు. తెరిచిన నైరుతి మూలలో పూలకుండీల గోడ, సైకిల్ స్టాండ్ దిమ్మె లాంటివి పెట్టారా, మళ్లీ తొట్టే.

టాయిలెట్ల దగ్గర స్లాబ్ దింపి, పైపులు వేసి, ఇటుక ముక్కలు నింపే పద్ధతి వద్దు. ఆ నింపుడు నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది, రెండేళ్లకి కింది గది సీలింగ్ మీద మరక కనిపిస్తుంది, ఏ జాయింటు కారుతోందో తెలుసుకోవాలంటే నేల మొత్తం తవ్వాలి. బయటి గోడకి 0.9 × 1.2 మీటర్ల పైపుల సందు, ప్రతి అంతస్తులో మనిషి దూరేంత తలుపు, గోడకి బిగించే కమోడ్. 14 సందులూ బయటి వైపే ఉండాలి, ఒక్కటి కూడా ఆవరణలోకి రాకూడదు.

కరిరాయి:

రాయి గురించి. బన్నేరుఘట్ట రోడ్డులోని ఐఐఎమ్ క్యాంపస్‌కి అనుమతి తీసుకుని తప్పకుండా వెళ్లి రండి. ఆర్కిటెక్ట్ బి.వి. దోషి 1977లో మొదలుపెట్టిన డిజైన్. ఆయన చూసింది ఆక్స్‌ఫర్డ్ వైపు కాదు, ఫతేపూర్ సిక్రీ వైపు. అందుకే అక్కడ ఒక పెద్ద చతురస్రం కనిపించదు. చిన్నా పెద్దా ఆవరణలు, వాటిని కలిపే పొడుగాటి దారులు ఉంటాయి. ఆ దారులు కొంత దూరం కప్పు కింద, కొంత దూరం పెర్గోలా (కప్పు లేకుండా వరసగా దూలాలు మాత్రమే ఉన్న పందిరి) కింద, కొంత దూరం ఆకాశం కింద. గోడలు గరుకు బూడిదరంగు గ్రానైట్. దారిలో నిలబడి నేల మీద పెర్గోలా నీడల చారలు గోడ మీదికి ఎక్కి వంగే చోటు గమనించండి, రాయి ఎందుకు గరుకుగా ఉంచారో అర్థమవుతుంది. నున్నటి గోడ మీద ఆ నీడ తేలిపోతుంది.

మీ ప్లాన్‌లో మూడంతస్తులూ రాతి గోడలే మోయాలనుకుంటే కింద 450 మిల్లీమీటర్ల మందం కావాలి. 200 మిల్లీమీటర్ల కాంక్రీటు బ్లాకు గోడతో పోలిస్తే ప్రతి 100 మీటర్ల గోడకి 25 చదరపు మీటర్లు పోతాయి, దాదాపు ముగ్గురి గది ఒకటి. నా సలహా: కింది అంతస్తు, మెట్ల గదుల గోడలు, చావడి రాయి. పై రెండంతస్తులు బ్లాకు. సాదరహళ్లి బూడిద గ్రానైట్ దగ్గర్లోనే దొరుకుతుంది. కట్టేటప్పుడు ప్రతి అర చదరపు మీటరుకి ఒక రాయి గోడ మందమంతా దూసుకుపోయేది ఉండాలి. అది వేయకుండా లోపలి పొర, బయటి పొర విడిగా కట్టి మధ్యలో చిల్ల రాళ్లు పోస్తే కొన్నేళ్లకి గోడ కడుపు ఉబ్బుతుంది. గ్రానైట్ కారదు, జాయింట్లు కారతాయి. పిట్టగోడ మీద పలక 50 మిల్లీమీటర్లు బయటికి ఉండాలి, అడుగున నీటి గాడి ఉండాలి.

ఇనుము సంగతిలో అహ్మదాబాద్ ఐఐఎమ్ నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది. అక్కడ ఇటుక కట్టుబడి లోపల పెట్టిన కడ్డీలు తుప్పు పట్టి ఉబ్బి ఇటుకల్ని పగలగొట్టాయి. 2001 భూకంపం దెబ్బ కూడా తోడైంది. 2020 డిసెంబరులో 18 డార్మిటరీల్లో 14 కూల్చేస్తామని ప్రకటించి, ప్రపంచమంతా అభ్యంతరం చెబితే 2021 జనవరి 1న వెనక్కి తీసుకున్నారు, 2022లో మళ్లీ కట్టడం గురించే మాట్లాడారు. అంత గొప్ప కట్టడానికి ఆ గతి పట్టడం నిజంగా బాధాకరం. మీరు రాతి జాయింట్లలో కడ్డీ పెట్టకండి. భూకంపాల కోడ్ ఐఎస్ 1893 2016 ప్రకారం బెంగళూరు తక్కువ ప్రమాదం ఉన్న జోన్ 2లోనే ఉంది. అయినా లింటల్ (తలుపు, కిటికీల పై దూలం) ఎత్తులో, స్లాబ్ కింద కాంక్రీటు బెల్టులు వేసి, కడ్డీకి చుట్టూ 40 మిల్లీమీటర్ల కాంక్రీటు కవర్ ఇవ్వండి.

పాతగోడలు:

ఒక చేర్పు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ 1937లో తాంబరం వెళ్లినప్పుడు సేలయ్యూర్ హాల్, సెయింట్ థామస్ హాల్, బిషప్ హీబర్ హాల్ అని మూడు హాల్స్‌గా విడదీసింది, ఒక్కో దానికి సొంత మెస్సు, సొంత వార్డెన్. మీ ఆవరణలు కూడా మూడే అయ్యాయి కాబట్టి మెస్సు ఒకటా మూడా అన్నది ఇప్పుడే తేల్చుకోండి. ఆవరణకి సగటున 84 మంది, ఆ మెస్సు చిన్నదే, చదువుకునే హాలు పక్కన సరిపోతుంది. 252 మంది మెస్సు వంటగది పొగ గొట్టం, లారీ దారి, గ్యాస్ నిల్వ గది అడుగుతుంది. అది ఆవరణకి బయట, తూర్పు వైపు విడిగా ఉండాలి, నైరుతి గాలికి పొగ గదుల్లోకి రాకుండా.

పటంకాగితం:

మెస్సు ఒకటే పెట్టి తూర్పున విడిగా గీస్తున్నానండి. మూడు ఆవరణల్నీ దానితో కలిపే కప్పు దారి 2.4 మీటర్ల వెడల్పు పెట్టాను. సెక్షన్ రాగానే ఇక్కడే పెడతాను. నైరుతి మూలలో సైకిల్ స్టాండ్ గీశాను, అది తీసేస్తున్నాను.